ఆరో కాగితం

ఇన్స్పెక్టరు గారు పదింటికల్లా వచ్చేస్తారని హెడ్డు కానిస్టేబులు చెప్పాడు, పదిన్నర దాటింది, ఇంకా రాలేదు. రాకపోతేనే బాగుండునని తవిటినాయుడికి ఒకసారి అనిపిస్తోంది, తొందరగా వచ్చి ఇటో అటో తేల్చేస్తే బాగుండునని మరు క్షణంలో అనిపిస్తోంది, ఏం మనసో అది, ఒక చోట నిలబడి చావదు. స్టేషను వరండాలో గోడవారగా వేసిన బల్ల మీద, ఒళ్ళో రెక్సిన్ సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. సంచీలో ఐదు కాగితాలున్నాయి. ఆరోది ఇంకా రాలేదు, అది రావాలంటే సంతకం పెట్టాల్సిన కాగితం సంచీ మీద పరిచి ఉంది, హెడ్డు నరసింగరావు తన చేత్తో రాసి ఇచ్చినది, కింద సంతకానికి చోటు వదిలినది. గరివిడి దగ్గర మాంగనీసు గనిలో శాంపిల్ గుమాస్తాగా పనిచేస్తున్న తవిటినాయుడు అను నేను తెలియజేసుకొనునది ఏమనగా, నా తండ్రి కీర్తిశేషులు అప్పలసూరి. బుట్టలల్లుకొను గంగులు నా తండ్రి కాడు. అతనితో నాకు ఏ సంబంధమూ లేదు, ఎన్నడూ లేదు. అంతే, అందులో అబద్ధం ఏముంది, ఊళ్ళో ఎవర్నడిగినా అంతే చెప్తారు, కన్నవాడు అప్పలసూరే. సంతకం పెడితే జపాను వెళ్తాడు. పెడితే లోపల కొట్లో ఉన్న ముసలి గంగులుకి, వీడు నావాడని చెప్పే మనిషి ఈ లోకంలో గురమ్మ తప్ప ఇంకొకరుండరు, ఆ గురమ్మ మాట వినేవాడెవడు? ఆ సంగతి కాగితంలో రాయలేదు గాని తవిటినాయుడికి రాసినట్టే కనిపిస్తోంది.

కలకత్తా ఏజెంటు పంపిన ఉత్తరం కంఠతా వచ్చేసింది. తాత్కాలిక వ్యాపార సందర్శకుడు. మేనేజరు గారు ఇంగ్లీషులో చదివి ఆ మాట తెలుగులో చెప్పినప్పుడు ఎంత పొంగిపోయాడు! మూడూళ్ళ పెట్టున విమానం ఎక్కినవాడు లేడు, మహా అయితే పాత రోజుల్లో బర్మాలో రంగం వెళ్ళి బియ్యం బస్తాలు మోసినవాళ్ళు, ఓడ డెక్కు మీద వాంతులు చేసుకుంటూ వెళ్ళినవాళ్ళు, వాళ్ళని వీసా ఎవరడిగారు, వాళ్ళు కూలీలు. తను అలాక్కాదు, పని మీద వెళ్తాడు, కోటు వేసుకుని వెళ్తాడు, తిరుగు టిక్కెట్టుతో వెళ్తాడు. జపానులోని కోబెలో ఉన్న కంపెనీవాళ్ళు రమ్మని పిలిచిన అసలు ఉత్తరం ఉండాలి, నకలు పనికిరాదు. ఇక్కడి కంపెనీవాళ్ళు ఇతను మా మనిషే, జీతం మేమే ఇస్తాం, అక్కడ ఏ కొలువులోనూ కుదరడు, పనైన మర్నాడే తిరిగొస్తాడు అని పూచీ పడాలి. రానూ పోనూ టిక్కెట్టు ముందే చూపించాలి. నెత్తిన ఏమీ లేకుండా తీయించుకున్న ఫొటోలు కావాలి, విజయనగరంలో స్టూడియోవాడు తన కోటే తొడిగి, తన టై కట్టి, నాయుడు గారూ కొంచెం నవ్వండి అంటే రాని నవ్వు మొహాన అతికించుకుని తీయించుకున్నాడే, అవి. మశూచికం టీకా, కలరా సూది వేసినట్టు డాక్టరు ముద్ర కొట్టిన పసుప్పచ్చ పుస్తకం ఐదోది, టీకా వేసిన జబ్బ ఇప్పటికీ సలుపుతోంది. ఇక ఆఖరుది నడవడి మంచిదేనని పోలీసువారి కాగితం. అది అందితే మద్రాసువాళ్ళు పాస్‌పోర్టు పోస్టులో వేస్తారు, పోలీసు కాగితం రెండో ప్రతి చూసి కలకత్తాలో వీసా కొడతారు. ఆ రోజు ఆరూ విన్నప్పుడు తవిటినాయుడికి భయం వేసింది సూదికే. ఆఖరుది విని నవ్వాడు కూడాను, తన నడవడికేం, చుట్ట కాల్చడు, పేకాడడు, పోలీసు స్టేషను గడప తొక్కి ఎరగడు.

వెళ్ళేది మట్టి కోసం, అవును, నల్ల మట్టి కోసం. పది చోట్ల కుప్ప తవ్వి తీసి, కలిపి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు రెండూ పారేసి, మిగిలింది మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు పాళ్ళు చేసి, అలా చేసుకుంటూ పోగా కొండంత కుప్పకి గుప్పెడు మిగులుతుంది, ఆ గుప్పెడే మొత్తానికి సాక్షి. సంచుల్లో పోసి లక్క ముద్ర వేసి సంతకం పెట్టేది తవిటినాయుడు. మీరు చెప్పిన మాంగనీసు శాతానికీ మాకు తేలిన శాతానికీ పొంతన లేదు, ముద్ర వేసిన మనిషి వచ్చి మా ఎదురుగుండా పరీక్ష చేయించుకోవాలి అని ఆ జపానువాళ్ళ పట్టు. రాకపోతే ఆ ఓడ సరుకు మాకొద్దంటారు, వాళ్ళొద్దంటే మూడో గొయ్యి మూసేస్తామని మేనేజరు గారు అనేశారు, నిన్ను నమ్ముకున్నాం నాయుడూ అని కూడా అన్నారు. ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు కూడా ఛాతీ కొంచెం ఉబ్బుతుంది. సిగ్గులేని ఛాతీ, ఈ బల్ల మీద కూర్చుని కూడా ఉబ్బుతుంది.

లోపల్నించి దగ్గు వినిపించింది. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి గొంతు పెళ్ళగించినట్టు పెద్దది. వెదురు చీల్చగా రేగే నూగు ముప్పయి ఏళ్ళు పీల్చినవాడి దగ్గు, వెయ్యి మందిలో ఉన్నా పోల్చుకుంటాడు తవిటినాయుడు, చిన్నప్పుడు అతని పాకలో ఆ దగ్గు వింటూనే నిద్రపోయిన రోజులెన్ని! మూడడుగుల దూరంలో, గోడ అవతల ఉన్నాడు. ఇవతల కొడుకున్నాడని తెలుసా? కొడుకు. అదిగో, మనసులో అనేసుకున్నాడు, కాగితం ఒళ్ళో పెట్టుకుని.

అప్పలసూరికీ జగ్గమ్మకీ అతనికి ముందు నలుగురు పుట్టి పురిట్లోనే పోయారు. అయిదోవాణ్ణయినా దక్కించుకోవాలంటే వీడు మీవాడు కానట్టు చేసెయ్యండని పెద్దవాళ్ళు చెప్పారు. పుట్టిన మూడో రోజు, స్నానం పోసిన పసిగుడ్డుని కొత్త చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టేసి తల్లీ తండ్రీ వెనక్కి తిరక్కుండా ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ చేట అల్లింది గంగులే. గంగులు పెళ్ళాం గురమ్మ వచ్చి చేట ఎత్తుకుని, ఎవులో పారేసుకున్నారు, నాకు దొరికినాడు, ఈడు నా కొడుకు అని వీధంతా వినబడేలా అరిచి, తన పేటకి తీసుకుపోయి, పొద్దుగూకే వేళకి మళ్ళీ అప్పలసూరి వాకిట్లోకి వచ్చి, నా కొడుకుని పెంచుకుంటారేటి అని అడిగింది. చేటెడు తవుడు కొలిచి ఇచ్చి కొనుక్కున్నారు. అందుకే తవిటినాయుడు. ఆ దిక్కున వీధికొక తవిటయ్య ఉంటాడు, ఒక్కొక్కడి వెనకా ఇలాంటి చేట ఒకటి ఉంటుంది. కాకపోతే మిగతావాళ్ళకి ఒక పూటతో తీరిపోయిన తంతు ఇతనికి పన్నెండేళ్ళు నడిచింది, జగ్గమ్మ భయం అలాంటిది. ఏటేటా కార్తీకంలో గురమ్మ వచ్చి నా కొడుకుని నాకిచ్చీండని గుమ్మంలో కూర్చునేది, జగ్గమ్మ ఏడుస్తూ నవ్వుతూ మళ్ళీ తవుడు పోసేది. పన్నెండేళ్ళూ అప్పలసూరి నోట కొడుకన్న మాట రాలేదు. తను అప్పలసూరిని నాయుడుబావు అని పిలిచేవాడు. గంగుల్ని అయ్యా అని పిలిచేవాడు, ఎంత హాయిగా పిలిచేవాడు, ఆ అయ్య ఒళ్ళంతా పచ్చి వెదురు వాసన వేసేది.

ఆరో ఏట జ్వరం, మూసిన కన్ను తెరవని జ్వరం. గంగులు భుజాన వేసుకుని టెక్కలి ఆసుపత్రికి నడిచాడు, కోటబొమ్మాళి దాటి రోడ్డెమ్మట, గంగులు వీపు చెమటకి చెంప అంటుకుపోయి ఉండగా మధ్యలో ఒక్కసారి కళ్ళు తెరిచి చూస్తే, వెనకాల ఇరవై అడుగుల దూరంలో నాయుడుబావు వస్తున్నాడు, చెప్పుల్లేకుండా, తలపాగా చేత్తో పట్టుకుని, ఎవరో దారిన పోయేవాడిలా. దగ్గరికి రాడు, దగ్గరికొస్తే చావుకి తెలిసిపోతుంది ఎవరి కొడుకో. ఆ తర్వాతే బడి. అప్పలసూరే తీసుకెళ్ళాడు, పలకా బలపం కొని. లక్ష్మీనరసింహం పంతులు గారు రిజిస్టరు తెరిచి, ఎవరబ్బాయివోయ్ అనడిగితే అప్పలసూరి తడుముకోకుండా, గంగులు కొడుకండి అన్నాడు. పంతులు గారు ఈ ఊరికి కొత్త, ఈ గొడవలేవీ తెలియవు, తండ్రి పేరు గంగులు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశారు. ఆ రాత అయిదో తరగతి కాగితంలోకి, అక్కణ్ణించి ఎస్సెల్సీ పుస్తకంలోకి, అక్కణ్ణించి కంపెనీ దస్త్రంలోకి, పోయిన నెల మద్రాసుకి వెళ్ళిన దరఖాస్తులోకి పాక్కుంటూ వెళ్ళిపోయింది. మార్పించుకోవాలని ఎప్పుడూ తోచలేదా? తోచింది. పెళ్ళప్పుడు తోచింది, మావగారు కాగితం చూసి కనుబొమ్మలెగరేసినప్పుడు. సర్లే, చేతికొచ్చిన కాగితంతో పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాడు. ఆ పెళ్ళికి గంగులూ గురమ్మా వచ్చి, పందిట్లోకి రాకుండా కట్టెల మోపుల దగ్గరే కూర్చుని, అందరూ లేచాక తిని వెళ్ళిపోయారు. లోపలికి రండి అయ్యా అని తను అనలేదు. ఎందుకనలేదురా, నోరు పడిపోయిందా?

జీపు డ్రైవరు బోనెట్టు ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. ఇంకో కానిస్టేబులు వెనక సీటు కింద తాడు చుట్ట పెట్టాడు, నీళ్ళ డబ్బా పెట్టాడు, రెండు దుప్పట్లు పెట్టాడు. దుప్పట్లు రెండే. ఎంత మంది వెళ్తున్నారో తవిటినాయుడు లెక్కపెట్టుకోబోయి ఆపేశాడు. దూరంగా కొండలు నీలంగా, బుద్ధిగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. ఈ అరవై తొమ్మిదో సంవత్సరంలో ఆ కొండల పేరెత్తితేనే జనం గొంతు తగ్గిస్తున్నారు. గంగులుకి వెదురు దొరికేది అక్కడే, వారానికి రెండుసార్లు ఎక్కి దిగేవాడు, అయ్యా ఈ రోజుల్లో కొండకి పోకు అని ఎవరైనా చెప్పారో లేదో, చెప్పినా వింటాడా, వెదురు రోడ్డు మీద మొలవదు కదా. కొండ మీద ఉన్న నక్సలైట్లకి బియ్యం మోస్తున్నాడని అనుమానం. నాలుగు రోజుల కింద బుట్టల మోపుతో సహా పట్టుకొచ్చారు. ఇటు తవిటినాయుడి నడవడి గురించి మద్రాసు నుంచి వచ్చిన కాగితం, తండ్రి పేరు గంగులు, ఫలానా గ్రామం, విచారించి తెలియజేయగలరు అంటూ ఇదే స్టేషనుకి వచ్చి ఇన్స్పెక్టరు బల్ల మీద పడింది. గంగుల్ని పట్టుకున్న కాగితమూ ఇదీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు వాళ్ళు. ఎవరికైనా ఏం అనిపిస్తుంది?

పొద్దున్న బస్సు దిగేసరికి గురమ్మ ఎదురుగా ఉంది. ఎంతసేపట్నించి నిలబడిందో, కాళ్ళ నిండా దుమ్ము. తనని చూసి దగ్గరికి రాబోయి, ఇస్త్రీ చొక్కా, బూట్లు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాయినా, నువ్వు వస్తావని కరణం గారు సెప్పినారు. ఒక్క మాట సెప్పు నాయినా, ఈడు మా అయ్య అని. కంపినీ మడిసికి అయ్య అంటే సెయ్యి ఎయ్యరట. అందరూ అంతన్నారు."

"సెప్తాను," అన్నాడు తవిటినాయుడు. అలవాటు తప్పిన తన ఊరి మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "నువ్వేటి తిన్నావా?"

"ఆడు తిన్నాడో లేదో," అంది గురమ్మ.

ఇప్పుడామె రోడ్డుకి అవతల టీ దుకాణం పక్కన నేల మీద కూర్చుని ఉంది, వరండాకేసే చూస్తోంది. చూస్తే చూడనీ, ఇక్కణ్ణించి కాగితంలో రాసింది కనిపించదు. అవునూ, చెప్తానన్నది ఎవరు, నువ్వే కదా? అప్పటికి హెడ్డు మాట వినలేదు. మనిషి మంచివాడే నరసింగరావు, ఈ పక్క ఊళ్ళవాడే, వచ్చీ రాగానే కూర్చోబెట్టి టీ ఇప్పించి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పాడు.

"సూడు బావూ, దాపరికం లేదు. ఇయ్యేల ఆణ్ణి కొండకి తీసుకెల్తన్నారు, దారి సూపించమని. అయినోడొకడున్నాడు, సదువుకున్నోడు, రేపు కోర్టుకెల్తాడు, కలెక్టరుకి రాస్తాడు అనుకో, ఇన్స్పెక్టరు గారు ఆలోసిస్తారు. ఎవులూ లేనోడైతే ఏటుంది."

"నేను కొడుకునంటే?"

"అంటే ఆణ్ణి కోర్టులో పెట్టాలి. నువ్వు జపాను ఎల్లవు. నిన్నూ నాలుగు రోజులు ఇక్కడ కూకోబెట్టి అడుగుతారు, కంపినీలో నీ మాటేటి, కొండకెవులు పంపినారు అని. నీకు పెళ్ళాం ఉన్నాది. ఆలోసించుకో." ఆగి, చెవి గోక్కుని, ఇంకొకటి చెప్పాడు. "నిన్న ముసిలోణ్ణి అడిగినాం. ఈ తవిటినాయుడు నీ కొడుకేనా అని. ఎవులో నాకు తెలీదు బావూ, మాయింట పిల్లల్లేరు అన్నాడు. రెండు దెబ్బలు కొట్టినా అదే మాట."

రెండు దెబ్బలు. అవి తిని కూడా కొడుకు కాడనే అన్నాడు ముసలాడు. ఎందుకన్నాడు ఆ మాట? తెలియదా, కొడుకంటే తనకే లాభమని? తెలియకేం, గంగులు అమాయకుడేం కాదు. జపాను సంగతి విన్నాడేమో, విని ఉంటాడు, ఊరంతా చెప్పుకుంది. ముసలోడా, నిన్నెవరు అడగమన్నారు ఇంత పెద్ద పని చెయ్యమని, నువ్వు కాదంటే నేనెందుకు అవుననాలి, నువ్వే తేల్చేశావు కదా, ఇంక నాదేం ఉంది? ఇలా అనుకున్నాక తవిటినాయుడికి కొంచెం ఊపిరాడింది, ఆ వెంటనే ఊపిరాడినందుకు తన మీద తనకే రోత పుట్టింది. దసరా ముందు పక్క ఊరి నుంచి ఇద్దర్ని దారి చూపించడానికే తీసుకెళ్ళారు. పేపర్లో నాలుగు వరుసలు పడ్డాయి, కాల్పులు జరిగాయని. గరివిడి కాంటీనులో ఆ పేపరు తవిటినాయుడే పైకి చదివి వినిపించాడు, టీ తాగుతూ. ఎవరో గాని పాపం అన్నాడు, ఎవరో గాని.

భార్య సుభద్రమ్మ ఈ పాటికి ఇంట్లో సూటుకేసు సర్దుతూ ఉంటుంది. అక్కడ చలిట కదండీ అని పక్కింటి టీచరు గారి దగ్గర ఉన్ని స్వెట్టరు అడిగి తెచ్చింది, చింతకాయ పచ్చడి సీసాకి రెండు గుడ్డలు చుట్టింది, కస్టమ్స్ వాళ్ళు పచ్చడిని ఏమంటారో కనుక్కోండి అంది. గంగులు సంగతి ఆమెకి పూర్తిగా చెప్పలేదు. ఏమని చెప్తాడు? నా అయ్యని కాదంటే వీసా వస్తుందని చెప్తాడా? అయ్య ఏమిటి, అయ్య కాడు, కన్నవాడు వేరే ఉన్నాడు, పోయాడు, నువ్వే కర్మ చేశావు, గుండు చేయించుకున్నావు. ఈ కాగితంలో ఉన్నది అక్షరాలా నిజం. మరి నిజం రాయడానికి చెయ్యి ఎందుకు రాదు? ఎన్నడూ లేదు అన్న మూడో వాక్యం దగ్గరకొచ్చేసరికి పచ్చి వెదురు వాసన కొడుతోంది. అది ఒక్కటీ కొట్టించేస్తే? మొదటి రెండు వాక్యాలకీ సంతకం పెట్టేసి, మూడోది కొట్టేయమని హెడ్డుని బతిమాలితే? తవిటినాయుడు లేచి నిలబడ్డాడు కూడా. నిలబడి, ఏమని అడగాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ఈ మట్టి ఎంత శాతం అని నిన్నెవరైనా అడిగితే ముద్ర వేసి చెప్తావు గదా, నువ్వెంత శాతమో చెప్పు చూద్దాం.

కోర్టుకి వెళ్ళవచ్చు. ఇప్పుడు సంతకం పెట్టేసి, కాగితం చేతిలో పడగానే, శ్రీకాకుళం వెళ్ళి ప్లీడర్ని పట్టుకుని, కలెక్టరుకి అర్జీ పెట్టిస్తే? ఎవరి పేరున పెడతావు, ఎన్నడూ ఏ సంబంధమూ లేనివాడి తరఫున నువ్వెవరివి పెట్టడానికి? పోనీ జపాను నుంచి తిరిగొచ్చాక. తిరిగొచ్చాక అన్నీ సరిచేయవచ్చు, గురమ్మకి ఇల్లు నేయించవచ్చు, ఎన్నైనా చేయవచ్చు. జీపు ఒకసారి గుర్రుమని, ఆగింది. మళ్ళీ దగ్గు. ఈసారి మూడు పొడి దగ్గులు. మంచినీళ్ళు ఇచ్చారో లేదో.

ఇన్స్పెక్టరు మోటారు సైకిలు మీద వచ్చాడు. కుర్రవాడే, కృష్ణా వైపు యాస, నిద్ర చాలని కళ్ళు. రమ్మని సైగ చేసి, కుర్చీలో కూర్చుని, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడయ్యా. పెద్ద కంపెనీ. అందుకే పిలిచి మాట్లాడుతున్నా. ఈ గంగులు నీకేమవుతాడు?"

గోడ అవతల దగ్గు ఆగిపోయింది. వింటున్నాడు. ఊపిరి బిగబట్టి వింటున్నాడని తవిటినాయుడికి తెలుసు, తను కూడా అలాగే ఉన్నాడు కాబట్టి తెలుసు. అయ్య అని రెండక్షరాలు, ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు చిన్నప్పుడు, నాలుక చివరిదాకా వచ్చాయి. తాడు చుట్ట కనిపించింది, నాలుగు రోజులు ఇక్కడ కూకోబెడతారు అన్న మాట వినిపించింది, రెండు దెబ్బలు తన వీపు మీద పడ్డట్టే అయింది. భయం వేసింది. వేరే ఏమీ కాదు, కంపెనీ కాదు, ఓడ కాదు, మూడో గొయ్యి కాదు, ఒట్టి భయం.

"ఏమీ అవడండి."

"ఏమీ అవనివాడి పేరు నీ సర్టిఫికెట్లో ఎందుకుంది?"

"చిన్నప్పుడు బళ్ళో పొరపాటున రాశారండి. కరణం గణపతిరావు గారినడగండి, నా తండ్రి అప్పలసూరనే చెప్తారండి."

"సరే. సంతకం పెట్టు."

పెట్టాడు. లక్క ముద్రల మీద పెట్టే సంతకమే, ఒక్క వంకర లేకుండా వచ్చింది. ఇన్స్పెక్టరు దాన్ని చూసి, అచ్చు కాగితం ముందుకు లాక్కుని, గడులు నింపడం మొదలుపెట్టాడు.

"జపానులో ఎన్ని రోజులు?"

"పదిహేను రోజులండి."

"పదిహేను రోజుల్లో తిరిగొస్తావని ఏమిటి గ్యారంటీ?"

"కంపెనీ వాళ్ళు రాసిచ్చారండి. తిరుగు టిక్కెట్టు కూడా ఉందండి." సంచీలోంచి తీసి చూపించబోయాడు. అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి ఇన్స్పెక్టరు ముద్ర కొట్టాడు. ఒకటి మద్రాసుకి, ఒకటి చేతికి. అయిదు నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు ఇన్స్పెక్టరు తలెత్తకుండానే హెడ్డుతో, అయితే వాడికి ఎవరూ లేరన్నమాట, బయల్దేరండి అన్నాడు.

గంగుల్ని బయటికి తెచ్చారు. ఇంత చిన్నవాడైపోయాడేమిటి, భుజాన వేసుకుని టెక్కలి నడిచినవాడు ఇతనేనా! ఎడమ కన్ను కింద వాచి ఉంది. వరండా మెట్లు దిగుతూ తవిటినాయుడికి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్ళాడు. చూడలేదు. తెలియని మనిషి పక్క నుంచి వెళ్ళేటప్పుడు ఎలా వెళ్తారో అలాగే, తల వంచుకుని, దారివ్వండి బావూ అన్నట్టు కొంచెం ఒదిగి వెళ్ళాడు. కోపం లేదు ఆ మొహంలో, ఉంటే బాగుండేది. అయ్యా అని పిలవాలనుకున్నాడు తవిటినాయుడు, నిజంగానే పిలవాలనుకున్నాడు, కాగితం చేతిలో రెపరెపలాడుతోంది, ముద్ర సిరా ఇంకా ఆరలేదు, అంటుకుంటుందేమోనని చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. జీపు వెళ్ళిపోయింది. కొండల వైపే వెళ్ళింది.

గురమ్మ రోడ్డు దాటి పరిగెత్తుకు వచ్చింది. పరిగెత్తే వయసు కాదు, అయినా వచ్చింది.

"సెప్పినావా నాయినా?"

"సెప్పినాను."

"మరేటి, ఆణ్ణి ఎక్కడికి తీసుకెల్తన్నారు?"

"కొండ మీద దారి సూపించమంటన్నారు. అంతే."

"ఎన్ని రోజులట?"

తవిటినాయుడు నోరు తెరిచాడు. ఆ నోట్లో ఉన్న లెక్క ఒక్కటే, ఇప్పుడే లోపల చెప్పి వచ్చినది, గడిలో రాయించుకుని ముద్ర కొట్టించుకున్నది.

"పదిహేను రోజులు," అన్నాడు.

గురమ్మ మొహం ఒక్కసారి విప్పారింది. పదైదు రోజులేనా, నానింకేటో అనుకున్నాను అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుంటూనే లెక్కలు వేసేసుకుంది. "అయితే గోగు మోపులు ఇయ్యేలే గెడ్డ నీళ్ళలో ముంచేస్తాను. పదైదు రోజులకి నానతాయి, నార తీసే యేలకి ఆడొచ్చేస్తాడు. నువ్వెల్లు నాయినా, నీకు పనులున్నాయి. సల్లగా ఎల్లి రా." తల మీద చెయ్యి పెట్టబోయి, చొక్కా నలుగుతుందనుకుందో ఏమో, గాలిలోనే దీవించి వెనక్కి తిరిగింది. టీ దుకాణం దగ్గర గిన్నెలు కడుగుతున్న మనిషి ఏమైందమ్మా అని అడిగింది కాబోలు, గురమ్మ ఆగి, బస్సు కోసం నిలబడ్డ నలుగురికీ వినబడేలా గొంతెత్తి చెప్పింది.

"ఇడిసిపెట్టేస్తారట. పదైదు రోజులేనట. నా కొడుకు సెప్పినాడు."